ఏఐ వచ్చాక మన సాగు ఎటు పోతుంది? నాలుగు కథలు రాసుకునే పద్ధతి



ఈ పాఠాన్ని వీడియోలో బోర్డు మీద గీసి చూపించాను. అక్కడ చెప్పడానికి సమయం సరిపోని వివరాలు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఒక తెల్ల కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

ఈమధ్య ఏ రైతు సమావేశానికి వెళ్ళినా నన్ను ఒకటే అడుగుతున్నారు, "ఏఐ వస్తే మనకు మంచా, చెడా?" అని. ఏఐ వానలాగా దానంతటది పడేది కాదు కదండీ. ఎవరో డబ్బు పెట్టి, ఎవరివో పొలం లెక్కలు తీసుకుని, ఏదో ఒక పని కోసం తయారు చేస్తారు. అందుకని అది ఎవరి చేతిలో ఉంటుంది, ఏం నేర్చుకుని మాట్లాడుతుంది అని అడగడం మేలు. ఆ ప్రశ్నలు పట్టుకుని ముందుచూపుతో ఆలోచించే పద్ధతిని సినారియో ప్లానింగ్ అంటారు. నేను "రేపటి కథలు రాసుకోవడం" అంటాను.

ఇది మనకు తెలిసిన పనే

మెట్ట రైతు ప్రతి ఏడాదీ ఈ పని చేస్తాడు. మృగశిరలో పదునైతే జొన్న, కంది. వాన వెనకబడితే ఆముదం. మరీ ఆలస్యమైతే ఉలవ. వాన ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా, పడితే ఒక లెక్క, పడకపోతే ఒక లెక్క పెట్టుకుని విత్తనం సిద్ధం చేసుకుంటాడు. జరగబోయేది ఇదీ అని చెబితే అది జోస్యం. జరగగలిగినవి నాలుగు చూసుకుని తయారుగా ఉంటే అది సినారియో.

కంపెనీలు కూడా ఇదే చేశాయి. 1970ల మొదట్లో షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్ అనే ఆయన, "చమురు చవగ్గానే దొరుకుతుంది అనుకోవద్దు, దొరకని కథ కూడా రాసుకుందాం" అన్న ధోరణిలో అధికారులను ఆలోచింపజేశాడు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపాయి. కొద్ది నెలల్లోనే పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరికి వెళ్ళింది. ముందే ఆ కథ ఆలోచించి ఉండటంతో షెల్ మిగతావాళ్ళ కంటే తొందరగా సర్దుకుంది.

సర్దుకోవడం వేరు, మార్చడం వేరు

వానను బట్టి పంట మార్చుకోవడం సర్దుకోవడం. ఊరంతా కలిసి చెరువు తవ్వుకోవడం మార్చడం. రేపటి కథలు రెండో పనికి కూడా పనికొస్తాయి. రెండు ఉదాహరణలు చెబుతాను.

దక్షిణాఫ్రికాలో 1991, 92లో మాంట్ ఫ్లర్ అనే చోట 22 మంది కూర్చున్నారు. నల్లవాళ్ళ ఉద్యమ నాయకులు, కార్మిక సంఘాలవాళ్ళు, ఆర్థికవేత్తలు, కంపెనీ అధికారులు, అంతా కలిసి. ఒకరంటే ఒకరికి పడని రోజులవి. వాళ్ళు దేశానికి నాలుగు కథలు రాసి పక్షుల పేర్లతో, పురాణాల పేర్లతో పిలిచారు. ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి ఒకటి. ఎగరలేని కుంటి బాతు ఒకటి. సూర్యుడి దాకా ఎగిరి రెక్కలు కరిగి పడిపోయిన ఇకారస్ ఒకటి. నెమ్మదిగా అందరూ కలిసి లేచే ఫ్లెమింగోల గుంపు ఒకటి. ఆ పేర్లు జనం నోళ్ళలో పడ్డాయి. నాయకులు పోట్లాడుకునేటప్పుడు కూడా మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాష దొరికింది.

రెండోది మన దగ్గరే జరిగింది. పేరు "ప్రజాతీర్పు". 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 ప్రకటించింది. సాగు మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో ఒక లెక్క. 2001లో అప్పటి మెదక్ జిల్లాలో 19 మందితో జ్యూరీ కూర్చుంది. వాళ్ళలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులే. వాళ్ళ ముందు మూడు దారులు పెట్టారు: విజన్ 2020 చెప్పిన దారి, ఎగుమతి కోసం సేంద్రియ పంటల దారి, ఊరి తిండి ఊరే పండించుకునే దారి. సాక్షులు వచ్చి వాదించారు, జ్యూరీ ఎదురు ప్రశ్నలు వేసింది. చివరికి వాళ్ళు తమ సొంత మాట చెప్పారు. నేల ఆరోగ్యంగా ఉండాలి, పంటల్లో వైవిధ్యం ఉండాలి, వనరులు ఊరి చేతిలో ఉండాలి, సాగు నుంచి జనాన్ని అలా తప్పించడానికి ఒప్పుకోం అన్నారు. చదువు తక్కువైనవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాతి సంగతి ఏం ఆలోచిస్తారులే అనేవాళ్ళకు ఇదొక జవాబు.

ఏఐ ఇప్పటికే మన పొలాల్లో ఉంది

2016లో మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఫోన్ సందేశాలు పంపాయి. ఎప్పుడు విత్తాలో ఏఐ లెక్క కట్టి చెప్పింది, జూన్ చివరి వారం దాకా ఆగమంది. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఖమ్మంలో "సాగు బాగు" పథకం కింద సుమారు 7,000 మంది మిర్చి రైతులకు తెలుగులో సలహాలు, మట్టి పరీక్ష, నాణ్యత పరీక్ష అందాయి. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గిందనీ నిర్వాహకులు చెప్పారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం సాగు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి అడెక్స్ అనే వేదిక మొదలుపెట్టింది.

ఇవి చిన్న విషయాలు కావు. విత్తే రోజు సరిగ్గా తెలిస్తే మెట్ట రైతుకు అంతకంటే కావలసింది ఏముంది? అయితే ఈ లెక్కలు ఒకటి రెండు పంట కాలాలవి. పదిహేనేళ్ళు పోయాక ఆ సలహా ఎవరి మాట వింటుంది అన్నది ఈ అంకెల్లో కనబడదు. అందుకే కథలు రాసుకోవాలి.

పద్ధతి: ఆరు మెట్లు

1. ప్రశ్న పెట్టుకోండి. మాదిరికి: "2040లో మా ఊళ్ళో ఏ పంట వేయాలో ఎవరు తేలుస్తారు?"

2. ఎనిమిది, పదిమంది కూర్చోండి. కౌలు రైతు, కూలికి వెళ్ళే అమ్మ, ఎరువుల దుకాణం అతను, డిగ్రీ చదివే పిల్ల ఉండాలి. అందరూ ఒకే మాట మీద ఉన్న గుంపుతో ఈ పని జరగదు.

3. ఖాయమైనవి ఒక పక్క, ఖాయం కానివి ఒక పక్క రాయండి. ఎండలు పెరగడం, అందరి చేతిలో ఫోన్ ఉండటం ఖాయం. పొలం లెక్కలు ఎవరివి, కలుపు తీసే మరలు వస్తే కూలీల గతి ఏమిటి, ఇవి ఖాయం కావు.

4. ఖాయం కానివాటిలో బాగా ముఖ్యమైనవి రెండు తీసుకుని, కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీయండి. నేను తీసుకున్నవి ఇవి. అడ్డగీత: పొలం సమాచారం కంపెనీ చేతిలోనా, ఊరి చేతిలోనా? నిలువుగీత: సలహా అందరికీ ఒకటేనా, నేలకు తగ్గట్టుగానా? నాలుగు గళ్ళు వచ్చాయి కదా.

5. ఒక్కో గడికి ఒక కథ, ఒక పేరు.

ముక్కుతాడు: సమాచారం కంపెనీది, సలహా అందరికీ ఒకటే. విత్తనం, మందు, అప్పు, కొనుగోలు అన్నీ ఒకే యాప్‌లో. చెప్పినట్టు చేయకపోతే బీమా లేదు. కౌలు రైతుకు కాగితం లేదు కాబట్టి యాప్‌లో అతను లేనే లేడు.

అద్దె ఎద్దు: సమాచారం కంపెనీదే, సలహా మాత్రం బాగుంది. మిశ్రమ పంటలు కూడా చెబుతుంది. అందరూ దానికి అలవాటుపడ్డాక రుసుము పెంచారు. ఎద్దును తోలుకుపోయిన రోజున దున్నడం ఎవరికీ గుర్తు లేదు.

కొత్త కుండలో పాత గంజి: లెక్కలు ఊరి సంఘం దగ్గరే ఉన్నాయి. కానీ యంత్రం నేర్చుకున్నది పాత పుస్తకాల నుంచి. ఆకు పచ్చబడితే యూరియా, పురుగు కనబడితే మందు అంటుంది. జీవామృతం, కషాయాలు వాడిన పొలాల అనుభవం ఎవరూ రాసిపెట్టలేదు, దానికి తెలియదు.

ఊరి చెరువు: లెక్కలు ఊరివి, సలహా నేలకు తగ్గది. ఆడవాళ్ళు చూసి చెప్పిన విత్తనాల సంగతులు కూడా అందులోకి ఎక్కాయి. ఇది సుఖంగా ఉండే కథ అనుకోకండి. చెరువుకు పూడిక తీయాలి, తూము కాడ తగవులు తీర్చాలి. ఈ లెక్కలు రాసేదెవరు, తప్పులు దిద్దేదెవరు, ఖర్చు ఎవరిది? ఆ జవాబులు లేకపోతే చెరువు ఎండుతుంది.

6. గుర్తులు రాయండి. చీమలు గుడ్లు మోసుకెళ్తే వాన వస్తుందంటాం కదా, అలాగే. అప్పుకు యాప్ సలహా తప్పనిసరి చేశారంటే ముక్కుతాడు దగ్గరపడుతోంది. రైతు సంఘం సొంతంగా లెక్కలు దాచుకునే ఒప్పందం రాసుకుందంటే చెరువుకు మట్టి తవ్వడం మొదలైనట్టు.

ఈ కథలను ఏఐతోనే రాయించవచ్చా?

కొంతమంది అడిగారు. కథ మీరు రాసుకున్నాక, "మేం మరిచిపోయినది ఏమిటి?" అని దాన్ని అడగండి, ఉపయోగపడుతుంది. మొదటి కథే దాని చేత రాయించకండి. అది ఇప్పటిదాకా జనం రాసినదాన్ని బట్టి మాట్లాడుతుంది. రాతకెక్కని మన అనుభవం అందులో ఉండదు. మన రేపటిలో మనమే లేకుండా పోతాం.

ఏ కథ జరిగినా పనికొచ్చే పనులు

నాలుగు గళ్ళూ చూశాక, అన్నిటిలోనూ పనికొచ్చే పనులు ఏమిటో వెతకాలి. నాకు తేలినవి నాలుగు.

- పొలం పుస్తకం రాయండి. విత్తిన రోజు, వాన, చల్లినది, పెట్టిన ఖర్చు, వచ్చిన దిగుబడి. మీ దగ్గర ఒక ప్రతి ఉండాలి.
- సొంత విత్తనం కొంతయినా దాచుకోండి.
- ఏ యాప్‌కైనా "అంగీకరిస్తున్నాను" నొక్కేముందు మూడు అడగండి: నా లెక్కలు ఎవరికి ఇస్తారు, మానేస్తే తీసేస్తారా, మీకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?
- ఏఐ సలహాను పొలమంతా పెట్టకుండా ముందు పది సెంట్లలో పెట్టి, పక్క మడితో పోల్చి చూడండి. ఫలితం నలుగురికీ చెప్పండి.

ఈ నాలుగూ ఖర్చు లేనివి. ఊరి చెరువు కథ జరగాలంటే మాత్రం ఒక్కరితో కాదు, సంఘంగా కూర్చోవాలి. కూర్చోవడానికి ఇదే అదను. ఒప్పందాలు ఇంకా రాస్తున్నారు, యంత్రాలు ఇంకా నేర్చుకుంటున్నాయి. తడి మట్టి మీద గట్టు మార్చడం తేలిక, ఎండి గట్టిపడ్డాక గడ్డపార కావాలి.

ఈ వారం పని: మీ వాళ్ళతో కూర్చుని మీ రెండు గీతలు మీరే గీయండి. నా గీతలే తీసుకోవాలని లేదు. కొబ్బరి తోటల ఊరికి ఒకటి, పాడి ఊరికి ఇంకొకటి వస్తుంది. నాలుగు కథలకూ మీ ఊరి మాటల్లో పేర్లు పెట్టండి. గీతలు గీయడం దగ్గర అనుమానం వస్తే వీడియోలో బోర్డు భాగం మళ్ళీ ఒకసారి చూడండి. వచ్చే పాఠంలో పొలం పుస్తకం ఎలా రాయాలో చెప్పుకుందాం.