పాఠం: పడక పుండు

పిల్లలూ, కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కితే ఏం చేస్తారు? వెంటనే కదిలిస్తారు కదా! మంచం పట్టినవాళ్లు అలా కదల్లేరు. బరువంతా ఒకేచోట పడితే అక్కడి చర్మానికి రక్తం సరిగా అందదు. చివరికి పుండు పడుతుంది. అదే పడక పుండు. మడమలు, తుంటి, నడుము కింద ఎక్కువగా వస్తుంది.

మొదటి గుర్తు ఎరుపు. కానీ మనలాంటి చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. అందుకే తాకి చూడాలి. వేడిగా, గట్టిగా ఉందా? నొప్పిగా ఉందా అని అడగాలి. ఉంటే నర్సుకి చెప్పాలి.

పుండు పడితే దాని మీద బరువు పడనివ్వరు, శుభ్రం చేసి కట్టు కడతారు, బలమైన తిండి పెడతారు. అసలు రాకుండా చూడటమే మేలు. అందుకే మాటిమాటికీ ఒత్తిగిలేలా చేస్తారు.

1996లో లండన్‌లో నర్సులు, డాక్టర్లు, పరిశోధకులు కలిసి యూరోపియన్ ప్రెషర్ అల్సర్ అడ్వైజరీ ప్యానెల్ మొదలుపెట్టారు. ఈ సంస్థ ఏటా నవంబర్ మూడో గురువారం పడక పుండ్ల నివారణ దినం జరుపుతుంది.

కొత్త మాటలు
మంచం పట్టడం: జబ్బుతో లేవలేకపోవడం
ఒత్తిగిలడం: పక్కకు తిరిగి పడుకోవడం

చేసి చూడండి
1. మంచం పట్టిన తాతయ్యను మీరు అడిగే రెండు ప్రశ్నలు రాయండి.
2. "ఒత్తిగిలడం"తో ఒక వాక్యం రాయండి.