లెక్కలొచ్చిన పిల్లాడు అంకెల దగ్గరే ఆగిపోతే

ప్రశ్న: సిరిసిల్ల నుంచి సాంచాల పనికి సూరత్ వచ్చాం. ఏడో తరగతి బాబును గుజరాతీ మీడియంలో వేశాం. లెక్కల్లో ముందుండేవాడు, ఇప్పుడు బడికి పోనంటున్నాడు.
– ఒక తల్లి, పాండేసర

జవాబు: అమ్మా, బాబుకు లెక్కలు రాక కాదు. గుజరాతీ లిపిలో అంకెలూ వేరుగా ఉంటాయి. 5 అంకె, ‘ప’ అక్షరం ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ముందు అంకెలే రాయించండి. హిందీ చదవగలిగితే అక్షరాలు తొందరగా పట్టుబడతాయి, తలగీత తీసేస్తే చాలావరకు అవే. గుజరాతీ పిల్లాడి పక్కన కూర్చోబెట్టమని టీచర్‌ను అడగండి.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులూ నడుపుతోంది. మార్చాలనుకుంటే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. కానీ ముందు బాబునే అడగండి. దోస్తులను వదిలొచ్చిన దిగులు చిన్నది కాదు. ఆదివారాలు వాళ్లతో ఫోన్లో తనివితీరా మాట్లాడనివ్వండి.