కరిగిన ఉప్పులో చేసిన బొగ్గు మన చేనుకు పనికొస్తదా?

పై వీడియోలో పత్తి కట్టెను డ్రమ్ములో బొగ్గు చేసి చూపించిన. అది చూసి ఆదిలాబాద్ జిల్లా బేల దగ్గర ఉండే మా బావ ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, ఉప్పు కరిగించి దాంట్ల పత్తి కట్టె వేస్తే బయోచార్ వస్తదట, కరెంటు కూడా వస్తదట. మిషన్‌కు అడ్వాన్స్ అడుగుతున్నరు, ఇయ్యమంటవా?"

ఇక్కడ ఉప్పు అంటే కూరలో వేసేది కాదు, కార్బొనేట్ లవణాలు. పొటాషియం కార్బొనేట్ మన పొయ్యి బూడిదలో ఉంటది. సోడియం కార్బొనేట్ వెనకట బట్టలుతికిన సవుడు మట్టిలో ఉండేదే. మూడోది లిథియం కార్బొనేట్, ఖరీదైనది. విడివిడిగా అయితే ఇవి 891, 851, 723 డిగ్రీల దగ్గర గానీ కరగవు. తగిన పాళ్లలో కలిపితే 397 డిగ్రీలకే నీళ్లలా అవుతాయి. అందులో కట్టె ముంచితే గాలి తగలదు, వేడి అన్ని వైపులా ఒకేసారి పడుతుంది, తొందరగా బొగ్గవుతుంది. ఇంతవరకు మాట నిజమే.

కరెంటు సంగతీ అబద్ధం కాదు. కార్బన్ ఫ్యూయల్ సెల్‌లో బొగ్గుకు మంట పెట్టరు. కరిగిన కార్బొనేటే ఆక్సిజన్‌ను మోసుకొచ్చి బొగ్గుకు అందిస్తుంది, అప్పుడు కరెంటు పుడుతుంది. కిలో స్వచ్ఛమైన కార్బన్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటది. రామగుండంలో లాగా కాల్చి, ఆవిరితో టర్బైన్ తిప్పితే అందులో మూడో వంతు చేతికొస్తది. సెల్‌లో ఇంకా ఎక్కువ రాబట్టొచ్చని అమెరికాలో విలియం జాక్విస్ 1896లోనే పేటెంట్ తీసుకున్నడు. కానీ బొగ్గులోని బూడిద ఉప్పులో చేరి దాన్ని పాడు చేస్తది. మన కరీంనగర్ రైస్ మిల్లుల ఊకలో ఐదో వంతు దాకా బూడిదే, అందులో చాలా భాగం సిలికా. ఇంకొకటి, కరెంటు ఇచ్చిన బొగ్గు కార్బన్ డయాక్సైడ్ అయి పోతది. చేనుకు మిగిలేదేముంది?

అసలు భయం మాత్రం నేలకే. ఆ తొట్టిలోంచి తీసిన బొగ్గు రంధ్రాల నిండా ఉప్పు ఉంటది. బాగా కడగకుండా వేస్తే సోడియం నేలలోకి దిగుతుంది. బావది నల్ల రేగడి, అసలే క్షారం ఎక్కువ. సోడియం చేరితే ఆ బంకమట్టి విడిపోయి అడుసై, ఎండితే గట్టి పెచ్చు కడుతుంది, నీళ్లు ఇంకవు. మనం చౌడు అనేది దీన్నే. మళ్లీ జిప్సం వేసుకుంటూ ఏళ్లు పడుతది.

ఉత్త బూడిదతోనే నాకు దెబ్బ తగిలింది. మొదటిసారి బొగ్గు చేసినప్పుడు ఆర్పడం ఆలస్యమై సగం బూడిదైంది. అట్లనే తీసుకుపోయి రేగడి మూలన మందంగా చల్లిన. అక్కడి మిరప లేత ఆకులు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలినయి. ఇనుము అందలేదని అర్థమయ్యేసరికి నెల గడిచింది. డిప్లొమాలో చదివిందే, చేన్లో గుర్తుకు రాలే!

అందుకే బావను అడ్వాన్స్ ఇయ్యొద్దన్న. హైదరాబాద్ క్రిడా వాళ్లు చూపిన పద్ధతిలో 200 లీటర్ల డ్రమ్ము చాలు. పొగ పలచబడి నీలి రంగుకు తిరగగానే మూత పెట్టి, అంచుల చుట్టూ మట్టి మెత్తాలి. చల్లారినాక బూడిద జల్లించి తీసేయాలి. గుప్పెడు బొగ్గును శుభ్రమైన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పీహెచ్ కాగితం ముంచి చూడండి. 9 దాటితే కడగండి. తర్వాత జీవామృతంలో పది పదిహేను రోజులు నానబెట్టి, ముందు ఎర్ర చెలకలో వేయండి. రేగడిలో అయితే రెండు సాళ్లకే వేసి, పంట చూసి ముందుకు పోవాలి. బావ ఈ వానాకాలం రెండు సాళ్లకు ఒప్పుకున్నడు, ఆ వీడియో కూడా తీస్త.