శీతకాలపు సముద్రస్నానం - మొదటి నిమిషం

పుష్యమాసపు తెల్లవారుజామున, రాత్రంతా ఆరుబయట ఉన్న తొట్టిలోని నీటిని ఒక చెంబు తలమీద పోసుకొన్నవారికీ, ఫజర్ నమాజుకు ముందు మసీదు హౌజు వద్ద వజూ చేసుకొన్నవారికీ ఒక అనుభవం సమానం. చన్నీరు ఒంటికి తగిలిన క్షణంలో నోరు దానంతట అదే తెరుచుకొంటుంది. ఊపిరి ఒక్కుమ్మడిగా లోపలికి పోతుంది. మాట పెగలదు. రెండవ చెంబుకు అంత ఉండదు. మూడవదానికి నవ్వు కూడా వస్తుంది. ఇంత స్వల్పవిషయం సముద్రంలో ప్రాణాంతకం కాగలదనీ, దానిని లొంగదీసుకోవటానికి కొందరు కలిసికట్టుగా ఒక పద్ధతిని అలవరచుకొన్నారనీ విద్యార్థి మిత్రులకు తెలియజేయటం మా ఉద్దేశం.

ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రైటన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి ఈత సంఘం 1860లో స్థాపితమైనది. దాని సభ్యులలో కొందరు వేసవి, శీతకాలం అనే భేదం లేక ఏడాది పొడవునా సముద్రంలో ఈదుతారు. ఒడ్డంతా గులకరాళ్లే. ఫిబ్రవరిలో అక్కడి నీరు సుమారు 8 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. అదే నెలలో మన విశాఖ సముద్రం 25, 26 డిగ్రీలకు తగ్గటం అరుదు. మిహిర్ సేన్ 1958లోను, ఆరతీ సాహా 1959లోను దాటినది ఈ ఇంగ్లీషు చానెల్‌నే. పందొమ్మిదేళ్ల ఆరతీ సాహాకు 16 గంటల 20 నిమిషాలు పట్టింది. కాని వారిద్దరూ ఈదినది సెప్టెంబరు చివరలో. వేసవి వేడిమి ఇంకా నీటిలో మిగిలి ఉండే కాలమది. బ్రైటన్‌వారు నడిశీతకాలంలో దిగేది చానెల్ దాటటానికి కాదు. కొద్ది నిమిషాలు నీటిలో గడిపి క్షేమంగా ఒడ్డుకు రావటానికి.

చన్నీటిలో పడినవారు ఒళ్లు చల్లబడి మరణిస్తారని చాలాకాలం అనుకొన్నారు. 1977లో బ్రిటిష్ హోం శాఖ వెలువరించిన నివేదిక ఈ భావనను కదిలించింది. ఆ దేశంలో నదులు, చెరువులు, సముద్రతీరాలలో మునిగి మరణించినవారిలో నూటికి 55 మంది, ఒడ్డు వంటి ఏదో ఒక ఆధారానికి 3 మీటర్ల లోపలే ప్రాణాలు విడిచారు. మూడింట రెండు వంతులమంది ఈత బాగా వచ్చినవారు. మూడు మీటర్లంటే మన తరగతి గదిలో నల్లబల్లకూ ముందు వరుస బెంచీకీ మధ్య ఉండే దూరం కన్న ఏమంత ఎక్కువ కాదు. ఈత నేర్చినవాడు ఆ పాటి దూరం ఎందుకు దాటలేకపోయాడు? శరీరపు లోపలి ఉష్ణోగ్రత ప్రమాదస్థితికి దిగజారటానికి, మంచు వంటి నీటిలో సైతం, పెద్దవారికి అరగంట వరకు పడుతుంది. అంటే వీరిని చంపినది దేహం చల్లబడటం కాదు.

అది ఊపిరి చేసే పని. చర్మం హఠాత్తుగా చల్లబడగానే అందలి నరాలు మెదడుకు వార్త పంపుతాయి. రెండు, మూడు లీటర్ల గాలి ఒక్క గుక్కలో లోపలికి వెళుతుంది. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే, గాలికి బదులు వెళ్లేది నీరే. వెనువెంటనే ఎగశ్వాస మొదలవుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఒడ్డున నిమిషంపాటు ఊపిరి బిగబట్టగలవాడు ఇక్కడ పది సెకన్లు కూడా బిగబట్టలేడు. ఇందులో పిరికితనం ఏమీ లేదు. మోకాలి చిప్ప కింద తట్టితే కాలు ఎగరటం వంటి అసంకల్పిత ప్రతీకార చర్య ఇది. మొదటి అర నిమిషంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాలలో శాంతిస్తుంది.

బ్రైటన్‌కు పడమరగా, అదే తీరంలో ఉన్న పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో ఆచార్య మైక్ టిప్టన్ ఈ విషయాన్ని దీర్ఘకాలం పరిశోధించారు. చన్నీటిలో రెండేసి, మూడేసి నిమిషాల చొప్పున ఐదారుసార్లు మునిగినవారిలో ఈ చర్య సుమారు సగానికి తగ్గుతుందనీ, ఆ అలవాటు నెలల తరబడి కొంతవరకు నిలుస్తుందనీ తేలింది. చలికాలపు ఈతగాళ్లు సెప్టెంబరు నుండే క్రమం తప్పక దిగుతూ ఉండటంలోని రహస్యం ఇదే. నీటితోపాటు వారూ నెమ్మదిగా చలికి దిగుతారు.

ఇక సంఘం ఎందుకు? ఒంటరిగా దిగినవాడికి తన స్థితి తనకు తెలియదు. చలి మొదట చేతివేళ్లను, తరువాత భుజాల కండరాలను మొద్దుబారుస్తుంది; ఈదేవాడు ఇంకా బాగానే ఉన్నాననుకొంటాడు. పక్కనున్నవాడికి మాత్రం కనిపిస్తుంది. అందువలన అనుభవజ్ఞులు దూకరు, నడిచి దిగుతారు, ఒడ్డుకు దగ్గరలోనే, ఒకరికొకరు కనబడేటట్లు ఈదుతారు, మాట్లాడుతూ ఉంటారు. వాక్యం పూర్తి చేయలేనివాడికి ఊపిరి ఇంకా లొంగలేదన్నమాట. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా దిగరాదు. ఈ స్నానం సర్వరోగ నివారిణి అని చెప్పేవారూ ఉన్నారు గాని, ఆ మాటలకు ఆధారాలు ఇంకా పలుచనే అని మా అభిప్రాయం.

ఒడ్డెక్కిన తరువాత కూడా శరీరం కొంతసేపు లోలోపల చల్లబడుతూనే ఉంటుంది. నీటిలో వణకనివాడు పది నిమిషాల తరువాత గడగడ వణకటం అందుకే. వెంటనే తడి బట్టలు తీసి, తుడుచుకొని, పొడి దుస్తులు వేసుకొని, వెచ్చని పానీయం తాగాలి. వేడినీటి స్నానానికి పరుగెత్తితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మద్యం వెచ్చదనమిస్తుందన్నది భ్రమ.

కృష్ణా కాలువలలోను, ఊరి చెరువులలోను ఈత నేర్చి పై చదువులకు ఆ దేశాలకు వెళ్లే మన విద్యార్థులకు ఇదంతా కథ కాదు. మే నెలలో అక్కడ ఎండ కాస్తుంది. గాలి హాయిగా ఉంటుంది. సముద్రం మాత్రం గాలి వేడెక్కినంత త్వరగా వేడెక్కదు. చానెల్ నీరు అప్పటికీ 11, 12 డిగ్రీలే. పొరపాటున అటువంటి నీటిలో పడితే వెంటనే ఈదబోవద్దనీ, వెల్లకిలా తేలి, చెవులు మునిగినా ముఖం మాత్రం పైకి ఉంచి, ఊపిరి కుదుటపడేవరకు ఆగమనీ అక్కడి లైఫ్‌బోట్ సంస్థ చెబుతున్నది. ఒకటి, రెండు నిమిషాలు. ఆ తరువాత నేర్చిన ఈత మళ్లీ చేతికి వస్తుంది.