శివుడికి మూడో వంతు, విష్ణువుకి అయిదో వంతు

ఆదివారం పిల్లల తరగతిలో ఈ మూడు నెలలుగా మేము భిన్నాల లెక్కలు చేయిస్తున్నాం. ఇక్కడి అమెరికా బడుల్లో వేరువేరు హారాలున్న భిన్నాల కూడిక అయిదో గ్రేడులో వస్తుంది. కాగితం మీద 1/2 + 1/3 అని రాసి ఇస్తే మన పిల్లలు చకచకా చేసేస్తున్నారు. అదే లెక్క మాటల్లో ఇస్తే ఆగిపోతున్నారు. ఇంట్లో సాయం చేద్దామని కూర్చున్న నాన్న "క.సా.గు. కట్టు" అంటాడు, పిల్ల "కామన్ డినామినేటర్" అంటుంది. రెండూ ఒకటేనని తెలిసేలోపు ఇద్దరికీ విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు. ఆ గొడవ లేకుండా ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోవడానికి ఈ పాఠం.

మేము ఎంచుకున్న లెక్క భాస్కరాచార్యుల లీలావతిలోది. 1150 నాటి పుస్తకమైనా, లెక్క మాత్రం మన గుళ్లో ఈ ఉదయం జరిగినట్టే ఉంటుంది. ఒక భక్తుడి దగ్గర కొన్ని తామరపూలున్నాయి. వాటిలో మూడో వంతు శివుడికి, అయిదో వంతు విష్ణువుకి, ఆరో వంతు సూర్యుడికి, నాలుగో వంతు అమ్మవారికి సమర్పించాడు. మిగిలిన 6 పూలతో గురువుగారి పాదాలకు పూజ చేశాడు. మొత్తం పూలెన్ని?

తరగతిలో మాకు ఎక్కువగా వచ్చే తప్పు జవాబు 4/18. పైవి పైవి, కిందివి కింది వాటితో కలిపేస్తారు. వెంటనే తప్పు అనకండి. ఒక్క ప్రశ్న అడగండి: "శివుడికి ఇచ్చిన మూడో వంతు ఒక్కటే 6/18 కదా, నలుగురికీ ఇచ్చినది అంతకంటే తక్కువ ఎలా అయింది?" పిల్లలు నవ్వేసి వాళ్లే కొట్టేస్తారు. జవాబు సబబుగా ఉందో లేదో చూసుకునే ఈ అలవాటు పద్ధతి కంటే ముందు రావాలని మా అభిప్రాయం.

మరి ఎలా కలపాలి? ఇంట్లో అణాల కాలం చూసిన అమ్మమ్మో తాతగారో ఉంటే, పావలా, బేడ కలిపితే ఎంత అని అడిగి చూడండి. ఆరణాలు అని ఠక్కున చెబుతారు. పావలా రూపాయిలో నాలుగో వంతు, బేడ ఎనిమిదో వంతు. ఆ రెంటినీ వాళ్లు మనసులోనే అణాల్లోకి మార్చేశారు: నాలుగణాలు, రెండణాలు. రూపాయికి పదహారణాలు కాబట్టి అది 6/16. హారాలను సమానం చేయడమంటే అంతే, రెంటినీ ఒకే చిల్లరలోకి మార్చుకోవడం.

మన పూలకు ఆ చిల్లర ఏది? 3, 5, 6, 4 నాలుగింటితోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య 60. గళ్ల కాగితం మీద 60 గళ్లు గీయించి రంగులు వేయించండి. శివుడికి 20 గళ్లు, విష్ణువుకి 12, సూర్యుడికి 10, అమ్మవారికి 15. మొత్తం 57. రంగు పడని గళ్లు మూడు, అంటే 3/60, అంటే 1/20. ఆ ఇరవయ్యో వంతే గురువుగారి 6 పూలు. కాబట్టి మొత్తం 120. సరిచూసుకుందాం: 40, 24, 20, 30, 6. సరిపోయింది.

ఈ క.సా.గు. పద్ధతి 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఉంది. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. కాబట్టి ఇది తెలుగులో చెప్పుకోవడానికి మనకేమీ మొహమాటం అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. పై లెక్కలో ప్రతి వంతూ మొత్తం పూలలోనిదే, అందుకే నేరుగా కలపగలిగాం. ప్రసాదంలో సగం పొద్దున, మూడో వంతు సాయంత్రం పంచామంటే 1/2 + 1/3, అంటే 5/6 అయిపోయింది. సగం పొద్దున, మిగిలిన దానిలో మూడో వంతు సాయంత్రం అంటే మాత్రం సాయంత్రం పంచింది సగంలో మూడో వంతు, 1/6 మాత్రమే. మొత్తం 4/6. "మిగిలిన దానిలో" అనే ఒక్క మాట లెక్కనే మార్చేసింది. కూడిక బాగా వచ్చిన పిల్లలే ఇక్కడ ఎక్కువగా బోల్తా పడుతున్నారు, ఎందుకంటే వాళ్లు అంకెలు కనబడగానే కలపడం మొదలుపెడతారు. ప్రతి భిన్నం కిందా "దేనిలో?" అని పెన్సిలుతో రాయించండి. మా తరగతిలో అన్నిటికంటే బాగా పనిచేసింది అదే.

ఇంటి లెక్క: గుడికి ఒక బస్తా కొబ్బరికాయలు వచ్చాయి. శుక్రవారం నాలుగో వంతు కొట్టారు. శనివారం మిగిలిన వాటిలో మూడింట రెండు వంతులు కొట్టారు. ఆదివారానికి 6 కాయలు మిగిలాయి. బస్తాలో ఎన్ని వచ్చాయి? పిల్లల చేత చేయించి, గళ్ల బొమ్మతో సహా వచ్చే ఆదివారం తరగతికి పంపండి. 72 అని వచ్చినవాళ్లు ప్రశ్న ఇంకోసారి చదువుకోండి.