ఆహారశుద్ధి - కోనసీమ విస్తరి

శ్రీ భగవద్రామానుజులవారు శ్రీభాష్యమున, వాక్యకారుని మతము ననుసరించి, భక్తి నిలుకడ చెందుటకు ఏడు సాధనములను పేర్కొనిరి. వానిలో మొదటిది వివేకము. ఇచ్చట వివేకమనగా తర్కజ్ఞానము గాదు. ఆహారశుద్ధి వలన గలుగు కాయశుద్ధి. అభ్యాసమునకంటె ముందు అన్నమును నిలిపిన ఈ క్రమము గమనింపదగినది. అన్నమునకు దోషము మూడు విధముల సంక్రమించును. పదార్థ స్వభావము వలన వచ్చునది జాతిదోషము. అన్నమునకు స్వామియైన వ్యక్తి వలన వచ్చునది ఆశ్రయదోషము. వెండ్రుకయో, ఎంగిలియో సోకుట వంటి కారణముల వలన వచ్చునది నిమిత్తదోషము. నేడు కళాశాలలో ఆహారశాస్త్రము నభ్యసించు విద్యార్థి యొకడు ఈ మూడింటిని మనస్సున నుంచుకొని, గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో విస్తరి ముందు కూర్చుండినచో అతనికి గోచరించునదేమి?

కందబచ్చలికూర చాలును, పాఠము మొదలిడుటకు. కందకు లేని దురద కత్తిపీటకేల అని సామెత. ఆ దురదకు మూలము కందలో సూదులవలె నుండు కాల్షియం ఆక్సలేట్ స్ఫటికములు. అవి నాలుకను, గొంతును గుచ్చును. కోనసీమ గృహిణి కందను మెత్తగా నుడికించి, చింతపండు పులుసు చేర్చి, తుదకు ఆవ పెట్టును. ఉడికిన నీటిని వార్చివేసినచో నీట కరగు ఆక్సలేట్ కొంత తొలగును; పులుసు దురదను అణచును. పదార్థమునకు సహజమైన దోషమును పాకముచే సవరించుట యన నిదియే. ఐనను బచ్చలియందును ఆక్సలేట్ కలదు గనుక, మూత్రపిండములలో రాళ్లు ఏర్పడు తత్త్వము గలవారు ఈ కూరను, అది యెంత రుచియైనను, మితముగనే తినవలెను.

ధనుర్మాసమున తెల్లవారుజామున ఆరగింపగు కట్టుపొంగలిలో మఱియొక పొందిక కలదు. బియ్యమున కొఱతగానుండు లైసిన్ పెసరపప్పున సమృద్ధిగా నున్నది. పప్పున తక్కువైన మిథియోనిన్‌ను బియ్యము పూరించును. శాకములలో లభింపని బి-12 విటమినును గృహస్థునకు పాలు, పెరుగు సమకూర్చును. మధుమేహము గలవారు మాత్రము ప్రసాదమును కన్నులకద్దుకొని ఒక్క కబళముతో తృప్తి చెందుట మేలు. చక్కెరపొంగలి దొన్నె నిండుగా నున్ననే అనుగ్రహమని శాస్త్రమెచ్చటను చెప్పలేదు గదా!

నిమిత్తదోషము తీర్థప్రజలకు మిక్కిలి ముఖ్యమైనది. మాఘమాసమున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు, భీష్మైకాదశి రథోత్సవమునకు జనసముద్రము వచ్చును. ఉదయము వండిన అన్నమును గోరువెచ్చగా మూతపెట్టి అపరాహ్ణము వఱకు నుంచినచో, ఉడుకునకు లొంగని బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు మొలకెత్తి వృద్ధి నొందును. అది విడుచు ఒక విషము మరల వేడిచేసినను నశింపదు. కంటికి వెండ్రుక కానరాదు, వాసనయు మారకపోవచ్చును; దోషము మాత్రము చేరినది. అందువలన అన్నదానము చేయు భక్తబృందములు ఒక్కసారిగా రాశి పోయక, కొంచెము కొంచెముగా వండి వేడిగా వడ్డించుట ధర్మము. పెద్దలు ప్రయాణమునకు పులిహోర మూట గట్టుటకు హేతువును ఇందే కలదు: పులుపు అట్టి జీవుల వృద్ధిని అడ్డగించును. అట్లని దానిని మఱునాటి వఱకు దాచవలదు.

ఇంతవఱకు విద్యార్థి గ్రంథము పలికినది. ఆశ్రయదోషమును గొలుచు పరికరము ఏ ప్రయోగశాలలోను లేదు. అన్నస్వామి శుద్ధి యెట్లుండునో తెలియుటకు అతడు వైనతేయ తీరమున నున్న లంకలగన్నవరము పోవలెను.

1841లో మండపేటలో జన్మించిన సీతమ్మగారు డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆ యూరు చేరిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారిని, అడిగినవారికెల్ల అన్నము పెట్టుటచే, జనులు బువ్వన్న యనియే పిలిచెడివారు. పాయలు దాటి, పడవలకై వేచి, వేళగాని వేళ వచ్చు బాటసారులకు గన్నవరమే మజిలీ. ఎవరు, ఏ కులము, ఏ జామున అను ప్రశ్న ఆ యింట లేదు. ఆకలి యొక్కటే అర్హత. సప్తమ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భమున ఆహ్వానము రాగా ఆమె పోలేదనియు, చిత్రపటమును మాత్రము తీసికొనిపోయిరనియు చెప్పుదురు. 1909లో ఆమె పరమపదించిరి. గన్నవరము కొత్త అక్విడక్టునకు ఆమె పేరిడిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే పెట్టినది.

ఆమెకు అంతర్వేది స్వామిని సేవింపవలెనని చిరకాలపు కోరిక. వచ్చిపోవువారి భోజనముల నడుమ అది నెఱవేరలేదు. తుదకొకనాడు పల్లకిలో బయలుదేరిరనియు, మార్గమున బోయీలు అలసట తీర్చుకొనుచుండగా ఎదురువచ్చు పెండ్లివారి మాటలు ఆమె చెవిని బడెననియు జనశ్రుతి. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. కొంచెము ఓర్చుకొనుడు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురని పెద్దలు వారిని ఊరడించుచుండిరి. స్వామి సన్నిధికి పోవు త్రోవ ముందున్నది. తనను నమ్మి వచ్చు ఆకలి వెనుకకు పోవుచున్నది. సీతమ్మగారు పల్లకిని మరలింపుమనిరి. పెండ్లివారు గన్నవరము చేరు వేళకు ఆ యింట వంట సిద్ధమై యుండెను.