సమాంతర సంధానమున దీపకాంతి

కావేరీ నదిపై శివనసముద్రమున ఉత్పన్నమై, 1902లో కోలారు బంగారు గనులకు చేరిన జలవిద్యుత్తు, 1905 ఆగస్టు 5న బెంగళూరు నగరవీధులలో దీపములను వెలిగించెనను విషయమును పరీక్షార్థులందరును కంఠస్థము చేయుదురు. కాని ఆ నగరమందలి యొక యింట పది దీపములు వెలుగుచుండగా నొకటి ఆర్పినను తక్కినవాని కాంతి తగ్గకుండుటకు హేతువేమని యడిగినచో తడబడువారు పెక్కురు.

ఇంటి దీపములు సమాంతర సంధానమున నుండుటయే హేతువు: అందు ప్రతి దీపమునకును 230 వోల్టుల పూర్ణ విభవాంతరము లభించును. ఒకటి తొలగినను తక్కినవాని ప్రవాహము మారదు, మొత్తము ప్రవాహము మాత్రమే తగ్గును. సామర్థ్యము విభవాంతర వర్గమును నిరోధముచే భాగింపగా వచ్చు ఫలము గావున, ఇచ్చట నిరోధము తక్కువైన దీపమే మిక్కిలి ప్రకాశించును: వెలుగునప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బు నిరోధము 529 ఓములు, 60 వాట్లదానికి సుమారు 882. ఈ రెంటినే శ్రేణిలో కలిపినచో, ప్రవాహ మొక్కటే యగుటచే, అధిక నిరోధముగల 60 వాట్ల బల్బే యెక్కువగా వెలుగును. ప్రశ్నకర్తలకు ప్రియమైన మెలిక యిదియే.

నీళ్ల మోటారు వేయగానే దీపములు క్షణకాలము మసకబారుట సమాంతర సంధాన సూత్రమునకు భంగము కాదు: మోటారు గుంజుకొను అధిక ప్రవాహమువలన సరఫరా తీగెలలోనే కొంత విభవము వ్యయమై, దీపములకు చేరు వోల్టులు తగ్గును.